బిబాంగ్ చూడని పగడాల దిబ్బ

తేరియో నీళ్లడుగున ఒక ఆడమనిషిని ఉంచుకున్నాడని మా ఊళ్లో ఒక మాట తిరుగుతోంది. మామూలు మనిషి కూడా కాదట. నడుం దాకా మనిషి, అక్కణ్ణించి చేప. ఆవిడకి కుళ్లు ఎక్కువట. అందుకే తేరియో ఇన్నేళ్లలో ఎక్కడెక్కడి జనాన్నో పగడాల దిబ్బ మీదకి తీసుకెళ్లాడు గానీ, కట్టుకున్న పెళ్లాం బిబాంగ్‌ని మాత్రం ఒక్కసారి కూడా తీసుకెళ్లలేదట. ఆ డిసెంబరు తుఫాను కూడా ఆవిడ అలిగి రేపిందేనట. ఈ కథ చేపల గంప మోసే ఊర్సింగ్ దగ్గర మొదలైంది. చర్చి మెట్ల దాకా వెళ్లి మళ్లీ మా కొట్టు ముందుకి వచ్చేసరికి, తోక పచ్చరంగులో ఉంటుందని కూడా చేరింది.

"నువ్వు చూశావుటే ఆ తోకని?" అని ఊర్సింగ్‌ని నిలదీశాను.

"చూడ్డం దేనికి నాంగ్ ఇస్తాంగ్? నీళ్లలోంచి వచ్చినప్పుడు అతగాడి కళ్లు అంత ఎర్రగా ఎందుకుండేవి మరి?" అంది. నాంగ్ అంటే మా వైపు అక్క, ఇస్తాంగ్ నా పేరు.

"ఉప్పునీళ్లే తల్లీ! మొన్న శవం దగ్గర జాగారమని తెల్లార్లూ పేకాడి లేచినప్పుడు నీ కళ్లు ఏ రంగులో ఉన్నాయో చూసుకున్నావా? నువ్వెవర్ని ఉంచుకున్నావు?"

అక్కడున్నవాళ్లంతా నవ్వారు. ఊర్సింగ్ కూడా నవ్వింది. నవ్వి, గంప ఎత్తుకుని, పక్కవీధిలో మళ్లీ అదే చెప్పింది.

అందుకని నాకు తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాను. తేరియో నా కళ్లముందు పెరిగినవాడు. బిబాంగ్ కాపురానికి వచ్చిన రోజున పడవలోంచి ఆవిడ కోళ్లబుట్ట అందుకున్నది నేను. వాళ్లింటికీ మా కొట్టుకీ మధ్య వెదురు దడి ఒక్కటే అడ్డం, ఆ దడిలో కన్నాలు చాలా ఉన్నాయి.

తేరియో చిన్నప్పుడు మా తీరంలో రబ్బరు కళ్లద్దాలు లేవు. తేలిక కొయ్యని గుండ్రంగా చెక్కి, లోపల గాజుబిళ్ల అమర్చి, చుట్టూ చెట్టుబంక పూసేవారు. సైకిలు ట్యూబు ముక్కతో తలకి కట్టుకునేవారు. ఊళ్లో మగపిల్లలందరికీ కళ్లచుట్టూ ఆ కొయ్య అచ్చులు పడి ఉండేవి, గుడ్లగూబల్లాగా. తేరియోకి వాళ్ల నాన్న చెక్కి ఇచ్చిన జత ఉండేది. ఆ జత పెట్టుకుని, బరిసె పట్టుకుని, ఆటు తీసినప్పుడల్లా దిబ్బ మీదకి ఈదుకుంటూ పోయేవాడు. మిగతా కుర్రాళ్లు పుల్లకి గుచ్చిన చేపలతో వస్తే వీడు ఒకటో రెండో తెచ్చేవాడు, ఒక్కోసారి అదీ లేదు.

"చేపల్ని పట్టుకు రమ్మన్నానా, పలకరించి రమ్మన్నానా?" అని వాళ్ల నాన్న కల్లు ముంత ముందు కూచుని అరిచేవాడు.

"ఒక పెద్ద ఆల్చిప్ప నోరు తెరిచింది నాన్నా. మూసేదాకా చూద్దామని…"

"నీ నోరు తెరిస్తే ఏం పెట్టాలో అది కూడా ఆల్చిప్పనే అడుగు!"

వాడు పెరిగేసరికి మా సియార్గావ్ దీవికి అలల మీద నిలబడే తెల్లవాళ్లు రావడం మొదలైంది. ఎండకి ముక్కులు ఊడిపోయి, చంకలో పొడుగు పలకలు పెట్టుకుని దిగేవారు. దిబ్బ అంచున పెద్ద అల విరుగుతుంది చూడండి, దాని కోసం. పొద్దున్నే వెళ్లిపోయేవారు, ఆకలేస్తే గానీ వచ్చేవారు కాదు. వాళ్లతో వచ్చిన పెళ్లాలూ, పిల్లలూ, పలక తగిలి చెయ్యి విరగ్గొట్టుకున్నవాళ్లూ ఇసకలో కూచుని ఇసకనే చూస్తూ ఉండేవారు. అలా కూచున్న ఒకావిడకి తేరియో ఒకరోజు తన కొయ్య అద్దాలు ఇచ్చి, చెయ్యి పట్టుకుని, అల విరిగే చోటికి ఇవతల, నీళ్లు నిదానంగా ఉండే చోటుకి తీసుకెళ్లాడు. ఆవిడ తల ముంచింది. వీపు ఎండకి కాలి ఎర్రబడేదాకా ఎత్తలేదు. ఒడ్డుకొచ్చి మొగుణ్ణి చూసి ఏదో అంది, ఏమందో మాకు అర్థం కాలేదు. కానీ మర్నాడు ఆ మొగుడు పలక పక్కన పడేసి తేరియో వెనకాల వచ్చాడు.

అదీ తేరియో వృత్తి మొదలైన తీరు. దాన్ని స్నార్కెలింగ్ అంటారని బోర్డు రాయించినప్పుడే మాకు తెలిసింది. అంతకుముందు తల ముంచడం అనేవాళ్లం. పోతూ పోతూ తెల్లవాళ్లు వదిలేసిన రబ్బరు అద్దాలూ గొట్టాలూ పోగుచేసి, కొబ్బరాకుల పాక వేసుకుని, దండేనికి వేలాడదీశాడు. ఈత రానివాళ్ల కోసం లారీ ట్యూబు ఒకటి. దానికి తాడు కట్టి, ఆ తాడు తన నడుంకి కట్టుకుని లాక్కెళ్లేవాడు, వాళ్లు ట్యూబు పట్టుకుని తలలు ముంచుకుని తేలుతూ వెళ్లేవారు. చేతిలో వెదురుపుల్లతో చూపించేవాడు, ఇటు చూడు, అటు చూడు అని. పగడం మీద కాలు పెట్టనిచ్చేవాడు కాదు. "కాలు దించావంటే ఇరగ్గొట్టి నీ చేతికిస్తా" అని మా భాషలో నవ్వుతూ చెప్పేవాడు. వాళ్లూ నవ్వుతూ తలాడించేవారు.

నన్నూ తీసుకెళ్లాడు. నా పోరు పడలేక. గౌను మీద మా ఆయన చొక్కా తొడుక్కుని వెళ్లాను. గొట్టంలోంచి గాలి పీల్చడం వచ్చేలోపు సగం సముద్రం తాగాను. ఆ తర్వాత, ఏం చెప్పను? ఒక చోట ఆకుకూర మడి లాగా పొరలు పొరలుగా పగడం. ఒక చోట బిషప్ గారి టోపీ అంత గుండ్రాయి, దాని నిండా వంకరటింకర గీతలు. ఇసకలో నీలం నక్షత్రాలు ఎవరో పారేసుకున్నట్టు పడి ఉన్నాయి. ఒక పొట్టి చేప నా అద్దం ముందుకి వచ్చి, ఎవరే నువ్వు అన్నట్టు నిలబడింది. నేను కూడా ఎవరే నువ్వు అన్నాను. గొట్టంలోంచి బుడగలే వచ్చాయి. ఫాదర్ గారు చూశారు. జనాభా లెక్కలకి వచ్చిన పిల్ల చూసింది. ఊళ్లో చూడని మనిషి బిబాంగ్ ఒక్కతే.

బిబాంగ్ కొండవైపు మనిషి. అక్కడివాళ్లు కొబ్బరి ఎండబెట్టి, పొగబెట్టి బతుకుతారు. వాళ్లకి సముద్రం అంటే ఆస్పత్రికి వెళ్లడానికి దాటేది. కాపురానికి వచ్చిన కొత్తలో చీలమండ దాటి నీళ్లు రానిచ్చేది కాదు. వాళ్ల ఊరి పండగకి వెళ్లి తేరియో ఈ పిల్లని చూశాడు. డాన్సుకి పిలిచాడు, తనకేమో చెయ్యడం రాదు, పక్కకి తీసుకెళ్లి కూచోబెట్టి మాట్లాడాడు.

"తన గురించి ఒక్క ముక్క చెప్పలేదు నాంగ్" అని బిబాంగే నాకు చెప్పింది, పెళ్లయిన కొత్తలో, దడి దగ్గర నిలబడి. "ఇల్లుందా, పడవుందా, ఏమీ లేదు. నీలం నక్షత్రాలంటాడు. నోరు తెరిచే ఆల్చిప్ప అంటాడు. మా అత్త వచ్చి, ఏంటే వాడు చెప్పేది అనడిగింది. ఏమో, బాగుంది అన్నా. పెళ్లయితే చూపిస్తానన్నాడు. దానికే ఒప్పుకున్నా."

"చూపించాడా మరి?"

"ఎక్కడ? వచ్చి వారమేగా. చూపిస్తాడులే."

చూపించేవాడే. కానీ ఆవిడకి వెంటనే నెల తప్పింది. కడుపుతో ఉన్న మనిషిని నీళ్లలోకి దించడం ఏవిటని మేమందరం కేకలేశాం. తర్వాత పిల్ల చంకలో ఉంది. ఆ పిల్ల రెమీ నడిచి, పరిగెత్తి, అలల మీద పలక ఎక్కే వయసు వచ్చేలోపు, బిబాంగ్ ఇసకలో పొయ్యి పెట్టింది. అరటికాయలు పంచదార పాకంలో వేయించి పుల్లకి గుచ్చి అమ్ముతుంది. తేరియో పాక పక్కనే. మొగుడు జనాన్ని నీళ్లలోకి దింపుతాడు, ఆవిడ ఆకలితో వచ్చినవాళ్లకి పుల్లలు అందిస్తుంది.

అక్కడే కూచుని ఆవిడ ఒక విద్య నేర్చింది. నీళ్లలో తల ముంచినవాళ్లు ఏదైనా చూస్తే గొట్టంలోంచి కేకేస్తారు కదా, ఆ కేక ఒడ్డుకి వినిపిస్తుంది. మాకందరికీ అది ఆవుదూడ అరిచినట్టే ఉంటుంది. బిబాంగ్‌కి కాదు. చట్టి మీంచి తల ఎత్తకుండానే చెప్పేది.

"అదుగో, ఆల్చిప్ప మూసుకుంది."

"నీకెలా తెలుసే?"

"ఉలిక్కిపడ్డట్టు అరిచారుగా. తాబేలైతే సాగదీస్తారు, ఊ… అని. చారల చేపలైతే నవ్వుతారు. బుడబుడమని వస్తుంది."

వాళ్లు ఒడ్డుకి రాగానే అడిగితే నిజంగా తాబేలే అయ్యేది. దిబ్బ మీద ఏది ఎటుందో, దేని తర్వాత ఏదొస్తుందో అంతా ఆవిడకి తెలుసు. చెవితో తెలుసు.

ఇక బోణీ సంగతి చెప్పాలి. ఈ కథంతా నాశనం చేసింది అదే, తోకా కాదు, తోకున్నావిడా కాదు.

మా తీరంలో ఏం అమ్మేవాళ్లమైనా పొద్దున వచ్చిన మొదటి బేరాన్ని పొమ్మనం. పొమ్మన్నామా, ఇక ఆ రోజంతా ఈగలు తోలుకోవాల్సిందే. నష్టమొచ్చినా సరే ఇచ్చి పంపుతాం. ఆ మొదటి నోటుని సరుకు మీద అటూ ఇటూ తట్టి అప్పుడు డబ్బాలో వేస్తాం. నేను సబ్బుల మీదా, వెనిగర్ పొట్లాల మీదా తడతాను. తేరియో అద్దాల మీదా గొట్టాల మీదా తట్టేవాడు. నీళ్ల మీద బతికేవాడికి ఆ పట్టింపు మరీ ఎక్కువ.

రెమీ బడికి వెళ్తున్న రోజుల్లో, ఒక ఏప్రిల్ పొద్దున సముద్రం పళ్లెంలో పోసిన నీళ్లలా ఉంది. తేరియో ముందు రోజే చెప్పాడట, రేపు నిన్ను తీసుకెళ్తానని. బిబాంగ్ పొడుగు చేతుల చొక్కా, లోపల మొగుడి లాగు తొడుక్కుని వచ్చింది. జుట్టు గట్టిగా ముడేసుకుంది. పొయ్యి వెలిగించలేదు. నేను కొట్టు వదిలేసి వచ్చి నిలబడ్డాను, ఆవిడ మొదటి కేక నేను వినాలని. తేరియో ఆవిరి పట్టకుండా అద్దానికి ఉమ్మి పూసి తుడిచి, ఆవిడ ముఖానికి పెట్టి, పట్టీ బిగిస్తున్నాడు. అంతలో కొబ్బరిచెట్ల మధ్యలోంచి మొగుడూ పెళ్లాం, మధ్యలో కుర్రాడూ. చేతులు ఊపుకుంటూ.

తేరియో చేతులు ఆగాయి.

"బోణీ" అన్నాడు.

"ఊఁ" అంది బిబాంగ్, ముఖానికి అద్దంతోనే.

"కాదంటే ఎలా చెప్పు? వాళ్లు ఇవాళ ఉంటారు, రేపు పోతారు. నువ్వెక్కడికి పోతావు? ఇంట్లో మనిషివి."

"నేనెక్కడికీ పోనులే. కానియ్యి."

అద్దం తీసి ఆవిడే ఆ తెల్లపిల్లాడి ముఖానికి పెట్టింది. పట్టీ పొడుగైతే ముడేసింది. అప్పుడు పొయ్యి వెలిగించుకుంది. ఆ కుర్రాడు చారల చేపల్ని చూసినప్పుడు నవ్వింది, "బుడబుడ" అని నాకు చెయ్యి చూపించింది. పాపిష్టి కళ్లు నావి, ఆవిడ చెంపల మీద అద్దం అచ్చు ఇంకా పోలేదని చూశాను.

ఇలా చాలాసార్లు జరిగింది. ఏదో పొద్దున అనుకోవడం, ఎవరో రావడం. ఊళ్లో అదొక వేళాకోళం కూడా అయింది. "బేరాల్లేవా తేరియో? మీ ఆవిడకి అద్దం పెట్టవయ్యా, వ్యాను నిండా వస్తారు" అనేవాళ్లు మగాళ్లు. తేరియో పగలబడి నవ్వేవాడు. బిబాంగ్ కూడా నవ్వేది.

ఒకసారి మాత్రం ఆవిడ ఆలోచించి వచ్చింది. మా ఊరి పండగ వెళ్లిన మర్నాడు. జనమింకా లేవలేదు, ఇసకలో కుక్కలు తప్ప ఎవరూ లేరు. బిబాంగ్ పండక్కి కుట్టించుకున్న గౌనే వేసుకుని, నా కొట్లో వేలాడే ఎండ టోపీ ఒకటి నా అనుమతితో పెట్టుకుని, చెట్ల వెనకనించి టూరిస్టులాగా నడుచుకుంటూ వచ్చింది. పాక ముందు ఆగి, బోర్డు చదివినట్టు నటించి, "హలో! హౌ మచ్?" అంది.

నేను నవ్వలేక కూలబడ్డాను. తేరియో కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు.

"ఏం నవ్వుతావు? బేరం" అని నోటు తీసింది. అరటికాయల డబ్బు. ఆవిడే దండేనికున్న అద్దాల మీద ఒక్కొక్కదాని మీదా తట్టింది. "పట్టు. ఇవాళ బోణీ నాది. మొదటి బేరాన్ని కాదనకూడదు. ఇప్పుడేమంటావు?"

"ఏమంటాను, నీ తెలివికి దణ్ణం పెడతాను" అని నిజంగానే ట్యూబు దించాడు. తాడు నడుంకి కట్టుకున్నాడు. ఇద్దరూ మోకాలి లోతు వరకు వెళ్లారు కూడా. మీరు నమ్మండి, మోకాలి లోతు. అప్పుడు రోడ్డు మీద వ్యాను ఆగింది. మనీలా నించి ఏదో ఆఫీసువాళ్లు, దిగుతున్నారు, దిగుతున్నారు, ఎంతకీ తరగరు. "ఇక్కడేనా స్నార్కెలింగ్?" అని అక్కణ్ణించే అరుస్తున్నారు.

తేరియో అటు చూశాడు, ఇటు చూశాడు. ఆ నోటు తీసి బిబాంగ్ గౌను జేబులో పెట్టాడు.

"ఇంటి డబ్బు బోణీ కిందకి రాదే. నా కుడి జేబులోది తీసి ఎడం జేబులో పెట్టినట్టుగా? వాళ్లు పోయాక వెళ్దాం."

"సర్లే" అంది.

నడుంకున్న తాడు విప్పకుండానే అతను వాళ్లకి ఎదురెళ్లాడు. బిబాంగ్ మోకాళ్ల లోతు నీళ్లలో కాసేపు అలాగే నిలబడింది, గౌను అంచు తేలుతుంటే చేత్తో నొక్కుకుంటూ. తర్వాత వచ్చి టోపీ నా చేతికిచ్చింది. "తడవలేదు నాంగ్, మళ్లీ అమ్ముకో" అంది. ఆ రోజు మొదటి వాయి అరటికాయలు మాడ్చింది. ఆ తర్వాత నేను విన్నంతలో, నన్ను తీసుకెళ్లవా అని ఆవిడ అతన్ని అడగలేదు. అతనూ మర్చిపోయాడు. మర్చిపోయాడంటే అన్యాయం, బాకీ లేదనుకున్నాడు. దిబ్బ ఎక్కడికి పోతుంది?

తుఫాను సంగతి కొత్తగా రాయక్కర్లేదు. కొబ్బరిచెట్లన్నీ ఒకే వైపుకి తల దువ్వినట్టు పడుకున్నాయి. నా కొట్టు రేకులు ఎవరింట్లో తేలాయో ఇప్పటికీ తెలీదు. తేరియో పాక, దండెం, అద్దాలు, గొట్టాలు, ట్యూబు, ఏమీ మిగల్లేదు. మనుషులు మిగిలాం, అదే చాలనుకున్నాం. చాలా వారాలు బియ్యం కోసం, సార్డీన్ చేపల డబ్బాల కోసం వరసలో నిలబడ్డాం. నీళ్లు తేటపడ్డాక ఒక పొద్దున తేరియో ఎవరి దగ్గరో అద్దం అడిగి పుచ్చుకుని ఒక్కడే దిబ్బ మీదకి వెళ్లాడు. మేం ఒడ్డున ఉన్నాం. బిబాంగ్ చెవి అటే పెట్టి నిలబడింది. గొట్టంలోంచి ఏమీ వినపడలేదు.

వచ్చి ఇసకలో కూచున్నాడు.

"ఎలా ఉందయ్యా?" అంది బిబాంగ్.

"నీళ్లు మురికిగా ఉన్నాయి. ఏం కనపళ్లా."

ఆ రోజు నడుం లోతు నీళ్లలో నిలబడితే కాలిగోళ్లు కనపడుతున్నాయి.

మళ్లీ పాక వెయ్యలేదు. విరిగిన సర్ఫింగ్ పలకలు బాగుచేసే షెడ్డులో పనికి కుదిరాడు. జనం మళ్లీ రావడం మొదలైంది, అల ఎప్పటిలాగే విరుగుతోంది, దాన్ని తుఫానేం చెయ్యలేదు. తల ముంచుదామని వచ్చినవాళ్లని వేరే కుర్రాళ్లు దూరపు దీవుల వైపు పడవలో తీసుకెళ్తున్నారు. తేరియో అటు చూడడు. సముద్రానికి వీపు పెట్టి కూచుని పలక గీకుతుంటాడు. ఊర్సింగ్ కథకి మొలకెత్తడానికి ఆ వీపు చాలింది.

విచిత్రమేమంటే బిబాంగ్‌కి ఇప్పుడు పట్టుదల వచ్చింది. ఒకరోజు నా దగ్గరికి వచ్చి, "నాంగ్, నాకు తేలడం నేర్పు" అంది. ఇద్దరం మనవల్ని ఎత్తే వయసులో, ఆటు తీసినప్పుడు రాళ్ల మధ్య మడుగులో దిగాం. ఆవిడ పొట్ట కింద నా చేతులు పెట్టి ఎత్తాను.

"వదలకు! వదిలావంటే నీ కొట్లో అప్పున్నవాళ్లందరికీ నువ్వు చచ్చావని చెప్తా!"

"నేను కాదే మునిగేది, నువ్వు! కాళ్లు వదులుగా పెట్టు. బస్తాలా బిగుసుకుపోతావేం?"

"బస్తానే కదా మోసేది, మొయ్యి!"

నవ్వుల్తోనే సగం నీళ్లు మింగింది. పట్టు విడవలేదు. రెమీ సర్ఫింగ్ నేర్పేచోట పనిచేస్తుంది, తల్లి కోసం మంచి అద్దమూ గొట్టమూ కొనితెచ్చింది. చివరికి ఒకరోజు నా చేతులు తీసేసినా ఆవిడ తేలింది. తల ముంచి, మడుగులోని ఇసకనీ, రెండు పీతల్నీ చూసి లేచింది. నేనెన్నడూ అలాంటి ముఖం చూడలేదు. ఇంతా చేసి రెండు పీతలు.

"నేను తీసుకెళ్తానే అమ్మా" అంది రెమీ. "కానీ ఏం మిగల్లేదక్కడ. పగిలిన పింగాణీ గిన్నెల కుప్పలా ఉంది. అక్కడక్కడా వేలెడంత చిగురు, అంతే."

"విరిగిందని నాకు తెలీదుటే? ఒడ్డుకి కొట్టుకొచ్చిన ముక్కలేగా నా పొయ్యి చుట్టూ పేర్చుకుంది. ఉన్నదే చూస్తా. కానీ చూపించాల్సింది నువ్వు కాదు. మీ నాన్న."

వెళ్లి మొగుణ్ణి అడిగింది. ఇన్నేళ్ల తర్వాత. గాలి బాగోలేదన్నాడు. మర్నాడు అడిగింది. నడుం పట్టేసిందన్నాడు. ఆ తర్వాత పని ఎక్కువుందన్నాడు. దడి కన్నంలోంచి నేను వింటూనే ఉన్నాను. ఒకసారి పళ్లెం ముందునుంచి లేచి వెళ్లిపోయాడు, ఎండుచేప అలాగే వదిలేసి. పిల్లి తింది.

అప్పుడు ఊర్సింగ్ కథ బిబాంగ్ చెవిన పడింది. మొదట పడీపడీ నవ్వింది. "పచ్చ తోకా? ఆవిడకైనా అరటికాయలు అమ్ముకుందును" అంది. తర్వాత పాకం కలుపుతూ కలుపుతూ ఆగి, తల ఎత్తకుండా అడిగింది.

"నాంగ్. నిజంగా నేను అక్కడికి రాకూడదని ఏమన్నా ఉందా ఆయనకి?"

ఆ ప్రశ్నకి నేను కూడా నవ్వలేకపోయాను. ఊరుకోలేకపోయాను కూడా. కొబ్బరాకులో చుట్టిన జిగురన్నం రెండు పొట్లాలు పట్టుకుని షెడ్డుకి వెళ్లాను. తేరియో రెండు బల్లల మీద ఒక పలకని బోర్లించి గరుకు కాయితంతో రుద్దుతున్నాడు. మోచేతుల దాకా తెల్లటి పొడి.

"తిను" అని ఒకటి విప్పి ఇచ్చాను.

"ఏం కావాలి నాంగ్? ఊరికే తిండి పెట్టవు నువ్వు."

"నువ్వు ఉంచుకున్నదాని గురించి కనుక్కుందామని వచ్చా."

నవ్వాడు. "తోక ఏ రంగంటున్నారు ఇప్పుడు?"

"పచ్చ."

"మరీ పచ్చా? కాస్త మంచి రంగు చెప్పాల్సింది."

"వేళాకోళం చాలు. నీ పెళ్లాం ఈ వయసులో నా చేతుల్లో పడి తేలడం నేర్చింది. అక్కడ విరిగిపోయిందనీ తెలుసు, బూడిదగా ఉందనీ తెలుసు. అయినా నీతోనే వస్తానంటోంది. మహా అయితే ఒక పొద్దున. ఎందుకు తీసుకెళ్లవు? నాకు చెప్పద్దు, నీ నోటితో చెప్పి నువ్వే విను. ఎందుకు?"

కాయితం పక్కన పెట్టాడు. చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. తెలుపు పోలేదు, మళ్లీ తుడుచుకున్నాడు. జిగురన్నం వంక చూశాడు గానీ ముట్టుకోలేదు.

"అది కోప్పడుతుందనుకుంటే ఈపాటికి తీసుకెళ్లేవాణ్ణి నాంగ్. ఇందుకా నన్ను అన్నాళ్లు ఒడ్డున కూచోబెట్టావు అని నాలుగు తిడుతుందనుకుంటే, రేపే. తిట్టదు. నాకు తెలుసు దాని సంగతి. తల ముంచి, ఆ రాళ్ల కుప్పంతా చూసి, పైకి లేచి, అద్దం తీసి, నా మొహం చూస్తుంది. చూసి, 'బాగుందయ్యా' అంటుంది."